అన్నగారి ఫియట్టు – అయిదు తీగలు

షోలాపురమున అశోక్ చౌక్ ప్రాంతమున నివసించు మావంటివారికి తీగలకంటె పోగులతోడనే పరిచయ మెక్కువ. మా పెద్దలు తెలంగాణమునుండి మగ్గమును నమ్ముకొని యిచ్చటికి వచ్చిరి. మేము మెట్రిక్యులేషను ముగించి, యొక చద్దర్ల కార్ఖానాలో గుమాస్తాగా లెక్కలు వ్రాసి విశ్రాంతి పొందితిమి. అట్టి మేము మోటారుకారు తీగలనుగూర్చి వ్రాయుట పాఠకులకు వింతగా దోచవచ్చును. కాని సొంత తప్పిదము నేర్పిన పాఠమును దాచుట న్యాయము గాదు.

మా అన్నగారు మరమగ్గముల యాదాయముతో 1984లో నొక పాత కారును కొనిరి. అది 1966 నాటి ఫియట్ 1100 డిలైట్. ఈ కారే 1974 నుండి ప్రీమియర్ పద్మిని యను పేరు దాల్చినది. దానిని తయారుచేసిన ప్రీమియర్ ఆటోమొబైల్సును 1944లో స్థాపించిన వాల్‌చంద్ హీరాచంద్‌గారు 1882లో ఈ షోలాపురముననే జన్మించిరి. కావున అన్నగారు ఆ కారును "మన ఊరి బిడ్డ" యనెడివారు.

అన్నగారు గతించిన పిదప కారు మూలబడెను. వారి కుమార్తెకు పెండ్లి కుదిరినప్పుడు ఆ బిడ్డ మాతో, "చిన్నబాపూ, అప్పగింతలనాడు బాపు కారులనే పోతా" ననెను. కాదనుటకు మాకు నోరు రాలేదు. ఇంజను నడచుచుండెను గాని కుంటుచుండెను. ప్లగ్గులకు పోవు తీగలు ఎండి పగిలినవని తెలిసి, మేమే బజారునకు పోయి, సగము వెలకు వచ్చినదని యేదో కారునకు చేసిన తీగల జతను తెచ్చి తగిలింపించితిమి. గుమాస్తా బుద్ధి గదా! వెలనే చూచితిమి గాని కొలతను చూడలేదు.

నారళీ పున్నమనాడు మార్కండేయస్వామి రథోత్సవమునకు వదినగారిని ఆ కారులో తీసికొనిపోవుచుండగా, జనసమ్మర్దము నడుమ నది నిలిచిపోయెను. నలుగురు త్రోసిరి. వదినగా రొక్క మాటయు ననలేదు. ఇంటికి వచ్చిన పిమ్మట మాత్రము, "తమ్మీ, ఇగ దాన్ని భంగారుకు ఇచ్చేద్దాం" అనిరి. ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు.

మరునాడు మా పేటలోని వృద్ధ మేస్త్రీని పిలిచితిమి. అతడు, "కాకా, చీకటి పడనీయండి" అని, రాత్రి దీపము లార్పించి ఇంజను నడపెను. తీగ వెంబడి నీలపు మెరుపులు చిమ్ముచుండెను! పొడవెక్కువైన తీగ వ్రేలాడి వేడి యినుమును తాకి కాలినది. ప్లగ్గునకు చేరవలసిన మెరుపు దారిలోనే కారిపోవుచున్నది. బ్యాటరీలోని 12 వోల్టులు కాయిలులో వేల వోల్టులై ఈ తీగలలో పరుగెత్తునట. తొడుగు బలహీనమైనచో నా శక్తి నిలుచునా?

అతడు చెప్పిన వివరములు పాఠకుల కుపయోగించును. తీగలోపలి నరము రెండు విధములు. రాగి నరమునకు అడ్డంకి మిక్కిలి తక్కువ. కార్బను నరమునకు అడుగునకు వేల ఓములు. అది రేడియోలో గరగర రాకుండుటకును, కొత్త కారులలోని ఎలక్ట్రానిక్ యంత్రములకు చెరుపు కలుగకుండుటకును ఉద్దేశింపబడినది. ప్లాటినము పాయింట్లతో నడచు పాతకారునకు రాగి నరమే చాలును. గరగర వచ్చినచో అడ్డంకి గల మూతలను ప్లగ్గులపై తొడుగవచ్చును. పైతొడుగు రబ్బరైన కాలక్రమమున పగులును, సిలికోనైన వేడికి ఎక్కువ తాళును. లావు 7 మిల్లీమీటర్లు. పొడవు పాత తీగ కొలతయే. ప్లగ్గులకు నాలుగు, కాయిలునకు ఒకటి, వెరసి అయిదు. అన్నిటిని ఒక్కమారు ఊడదీయరాదు. ఒకటి తీసి ఒకటి పెట్టవలెను. లేకున్న 1-3-4-2 అను మెరుపు వరుస తప్పును.

ఇది విన్నంతనే మాకు తండ్రిగారి మాట తోచినది. 40వ నెంబరు పోగు తెగినచోట 20వ నెంబరు పోగు నతికినచో పన్నెలో చిక్కుకొని మరల తెగునని వారు చిన్ననాడే చెప్పియుండిరి. నేతవారి యింట పుట్టియు మరచితిమి!

ఈసారి పాత తీగలను చేతబట్టుకొని పోయి, కొలిచి, రాగి నరమును సిలికోను తొడుగును గల తీగలనే కొంటిమి. అప్పగింతలనాడు మొదటి తిప్పుడుకే ఇంజను పలికెను. బిడ్డ వెనుక సీటులో తల్లి చేయి పట్టుకొని కూర్చుండెను. కారు అశోక్ చౌక్ మలుపు దాటువరకు వదినగారు చెవియొగ్గి ఇంజను చప్పుడునే వినుచుండిరట. సాయంత్రము తిరిగివచ్చి, "తమ్మీ, మీ అన్న నడిపినట్లే ఉన్నది" అనిరి. భంగారు మాట మరల రాలేదు.

కాలిన ఆ తీగముక్క మా బల్ల సొరుగున నేటికిని కలదు. చౌకబేరము నెదుట పడినప్పుడెల్ల దానిని తీసి చూచుకొందుము.