సరంధ్ర సిలికాన్ - వయస్సు నేర్పిన పాఠం

కాలస్పర్శకు లొంగని పదార్థం లేదు. మా ప్రయోగశాలలో ఇనుప స్టాండు తుప్పు పట్టడం, రాగి తీగె నల్లబడడం మేము నిత్యం చూసే విషయాలే. అయితే సరంధ్ర సిలికాన్, అనగా అతిసూక్ష్మ రంధ్రాలతో నిండిన సిలికాన్, గురించి చదివిన తరువాతనే పదార్థపు వయస్సును గూర్చి మేము శ్రద్ధగా ఆలోచించసాగాము.

1956లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో ఉహ్లిర్ దంపతులు హైడ్రోఫ్లోరిక్ ఆమ్లంలో విద్యుత్తును ప్రసరింపజేసి సిలికాన్‌ను నునుపు చేయబోగా, దానిపై ఒక రంగు పొర ఏర్పడింది. అట్టి పొర గది ఉష్ణోగ్రత వద్దనే ఎర్రని కాంతిని వెలువరించగలదని 1990లో ఇంగ్లండు శాస్త్రవేత్త లీ కాన్‌హమ్ ప్రకటించారు. మామూలు సిలికాన్ కాంతినివ్వడంలో మిక్కిలి బలహీనమైనది కనుక ఈ వార్త శాస్త్రలోకాన్ని ఆశ్చర్యపరచింది.

కాని ఆ వెలుగు స్థిరమైనది కాదు. అప్పుడే తయారైన పొర ఉపరితలాన్ని హైడ్రోజన్ పరమాణువులు కప్పి ఉంటాయి. గాలిలోని ఆక్సిజన్, తేమ రంధ్రాలలో ప్రవేశించి, వారాలు, నెలలు గడిచేకొద్దీ వాటి స్థానంలో ఆక్సైడును ఏర్పరుస్తాయి. మామూలు సిలికాన్ పలకపై ఒకటి రెండు నానోమీటర్ల ఆక్సైడు లెక్కలోనిది కాదు. ఇక్కడ రంధ్రాల నడుమ గోడలే కొద్ది నానోమీటర్ల మందం! ఒక ఘన సెంటీమీటరులో వందల చదరపు మీటర్ల ఉపరితలం ఉండవచ్చు. కాబట్టి పైపొర మారితే పదార్థమే మారినట్లు. కాంతి, విద్యున్నిరోధం, వక్రీభవన గుణకం అన్నీ మారుతాయి. దానితో చేసిన వాయు సూచిక చూపిన మార్పు వాయువు వలన కలిగినదో, సొంత వయస్సు వలన కలిగినదో తెలియదు.

"ఇట్టి చంచల పదార్థంపై ఇంత శ్రమ ఎందుకు?" అని మాలో కొందరు వాదించారు. శాస్త్రజ్ఞులు మాత్రం విడిచిపెట్టలేదు. ఆక్సిజన్‌లో వేడిచేసి ముందుగానే ఆక్సైడును పెంచారు. కర్బన అణువులను ఉపరితలానికి బంధించారు. అసిటిలీన్ వాయువులో వేడిచేసి కర్బన కవచం తొడిగారు. అంతేకాదు, ఈ పదార్థం శరీర ద్రవాలలో క్రమంగా కరిగి సిలిసిక్ ఆమ్లంగా మారుతుంది గనుక, ఔషధాన్ని మోసుకుపోయి మెల్లగా విడుదల చేయడానికి దానిని వినియోగించే పరిశోధనలు సాగాయి. ఒకచోట లోపమైన గుణమే వేరొకచోట ప్రయోజనమైంది.

నూతన పదార్థాన్ని తొలినాటి తళుకును బట్టి మెచ్చుకోవడం సులభం. ఏడాది తరువాత అది ఎట్లా ఉంటుందని అడగడమే శాస్త్రదృష్టి. అందుచేత సోదర విద్యార్థులకు మా విన్నపం ఒక్కటే: ప్రయోగ పుస్తకంలో కొలతను వ్రాసినప్పుడు, దాని ప్రక్కనే నమూనా తయారైన తేదీని, కొలిచిన తేదీని కూడా వ్రాయండి. వయస్సు తెలియని కొలత సగం కొలతే.