కొండని పిలిచిందెవరు?

మొన్న మగ్రిబ్ నమాజు చదివి ఇంటికొచ్చేసరికి మా చిన్నమ్మాయి ఇంగ్లిష్ గ్రామర్ పుస్తకం ముందేసుకుని కూర్చుంది.

"అబ్బా, కొండ మహమ్మద్ దగ్గరకు రాకపోతే మహమ్మదే కొండ దగ్గరకు వెళ్ళాలంట. మన హుజూర్ కొండని ఎప్పుడు పిలిచారు?"

జవాబు నోటికి రాలేదు. ఆ కహావత్ నేనూ వాడుకున్నవాణ్ణే. కొత్తగా ఉద్యోగంలో చేరినప్పుడు, మంత్రి ఎంతకీ ఊరికి రాకపోతే ఊరివాళ్ళే హైదరాబాద్ పోయి అర్జీ ఇచ్చారు. నా పేరుతో పడ్డ మొదటి వార్త అది. 'కొండ రాలేదు... మహమ్మదే వెళ్ళాడు' అని హెడ్డింగ్ కూడా నేనే పెట్టాను. వెళ్ళారు అని కూడా కాదు, వెళ్ళాడు! డెస్కులో శభాష్ అన్నారు. ఉర్దూ మీడియంలో చదివినవాణ్ణి, ఏదో రివాయత్ ఉండే ఉంటుందిలే అనుకున్నాను.

లేదు. ఖురాన్‌లో లేదు, హదీసుల్లో లేదు. ఇంగ్లిష్‌లో ఇది ఫ్రాన్సిస్ బేకన్ 1625లో అచ్చేసిన వ్యాసాల్లో, తెగింపు గురించి రాసినచోట కనిపిస్తుంది. కొండని రప్పిస్తానని జనాన్ని పోగుచేసి, ఎన్నిసార్లు పిలిచినా అది కదలకపోతే, రవ్వంత సిగ్గుపడకుండా 'నేనే పోతా' అన్నారట. తౌబా! బేకన్ ఇది మెచ్చుకోలుగా చెప్పలేదు. గొప్పలు పోయి, మాట తప్పినా మొహం చెల్లించుకునే దగాకోర్లకి మిసాల్‌గా చెప్పాడు. నాలుగొందల ఏళ్ళలో ఆ వెటకారం అరిగిపోయి, పట్టువిడుపు ఉండాలనే మతలబు మిగిలింది.

అసలు మక్కావాళ్ళు మొజిజాలు చూపించమని అడిగిన మాట ఖురాన్‌లోనే ఉంది. ఊట పుట్టించు, బంగారు ఇల్లు చూపించు, ఆకాశానికెక్కు అన్నారు. నేను పైగాం తెచ్చిన మనిషిని మాత్రమే కదా అని చెప్పమని అల్లాహ్ హుకుం. సూరా బనీ ఇస్రాయీల్, 90 నుంచి 93 ఆయతులు చూడండి. కొండని పిలుస్తానని దావా చేసే నోటి మాటేనా అది?

కొండకైతే ఆయన వెళ్ళారు. హిరా గుహకి, ఒంటరిగా, ఎవర్నీ పోగుచేయకుండా. ఉహుద్ కొండ మనల్ని ప్రేమిస్తుంది, మనమూ దాన్ని ప్రేమిస్తాం అన్నారని బుఖారీలో ఉంది.

ఇదంతా విని మా అమ్మాయి, "మరి పరీక్షలో ఏం రాయను?" అంది.

"పుస్తకంలో ఉన్న అర్థమే రాయి బేటా. ఎక్కడిదని అడిగితే మాత్రం బేకన్ పేరు చెప్పు."

పక్క గదిలో అమ్మీ తస్బీహ్ తిప్పుతోంది. ఆ మొదటి వార్త కటింగు ఇప్పటికీ ఆమె ట్రంకుపెట్టెలో, నికాహ్‌నామా పక్కన భద్రంగా ఉంది. అమ్మీకి తెలుగు చదవడం రాదు.