మత్తడి దుంకే కాలం

వానలో గుళ్లూ కోటలూ చూడబోయే వాళ్లను లోకం కొంచెం అనుమానంగానే చూస్తుంది. మేం హైదరాబాద్ నుంచి హనుమకొండ దారి పట్టిన పొద్దున పక్కింటాయన గొడుగు కింద నుంచి "ఇవ్వాళనా?" అని ఒక్క మాట అడిగి ఊరుకున్నాడు. కానీ మా అమ్మ పదండి అన్నాక ఆగే ఇల్లు కాదు మాది. ఆమె పుట్టిల్లు జనగామ పక్కన పల్లె. అటు పుట్టినవాళ్లు వాన వస్తే పని మానుకోరు, అప్పుడే మొదలుపెడతారు.

భువనగిరి దగ్గర ఒంటిరాతి గుట్ట సగానికి పైగా మబ్బులో ఉంది. కోట కనపడలేదు. పిల్లలు కారు అద్దం మీది ఆవిరిని తుడిచి తుడిచి, విసుగొచ్చి దాని మీదే ఒక కోట గీసుకున్నారు. పెంబర్తి ఇత్తడి పనుల ఊరూ వానలోనే వెనక్కి పోయింది. అమ్మకు ఇవేవీ పట్టలేదు. రోడ్డు పక్కన చెరువు కనిపిస్తే చాలు, బండి నెమ్మది చేయమంటుంది. "ఇంకా నిండలే బిడ్డా" అనో, "ఇది రేపో ఎల్లుండో మత్తడి దుంకుతది" అనో తేల్చాకే ముందుకు పోనిస్తుంది.

హనుమకొండ వేయిస్తంభాల గుడిలో ఎక్కువసేపు ఉండాలనుకోలేదు, వానే ఉంచింది. 1163లో కాకతీయ రుద్రదేవుడు శివుడికీ విష్ణువుకూ సూర్యుడికీ కలిపి కట్టించిన గుడి అది. మామూలు రోజుల్లో ఫోన్లు ఎత్తిపట్టి చకచకా చుట్టేసే జనం, ఆ రోజు వాన తెరిపి ఇచ్చేదాకా స్తంభాలకు ఆనుకుని కూర్చున్నారు. కొందరైతే తల పైకెత్తి కప్పు కూడా చూశారు. మరమ్మతు కోసం విప్పిన కల్యాణమండపాన్ని మళ్లీ నిలబెట్టి 2024 మార్చిలో తెరిచారు. దాన్ని తడుస్తూనే ఒకసారి చూసి ములుగు వైపు బయల్దేరాం.

పాలంపేటలోని రామప్ప గుడిని 1213లో గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు కట్టించాడు. 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాకెక్కింది. ఎండాకాలంలో ఇక్కడ చెప్పులు విడిచి నడిచినవాళ్లకు తెలుసు, అరికాళ్లు ఎలా చుర్రుమంటాయో. శిల్పం ముందు నిలబడే ఓపిక ఉండదు, నీడ నుంచి నీడకు గెంతడమే సరిపోతుంది. ఆ రోజు రాయి చల్లగా ఉంది. జారుతుందన్న భయంతో అడుగు తీసి అడుగు వేశాం కాబట్టి, ఏదీ కన్ను దాటిపోలేదు. తడిసిన ఎర్ర ఇసుకరాయి రంగు చిక్కబడింది. చూరు కింద నల్లరాతి మదనికల ముందు నీళ్లు ధార కట్టాయి. వాళ్లలో ఒకామె కాళ్లకు ఎత్తు మడమల చెప్పులున్నాయి. మా అమ్మాయి వాటిని చూసి, చెప్పులు బయట వదిలొచ్చిన తన కాళ్లకేసి చూసుకుంది.

మా వాడికి ఇటుక కావాలి. గోపురం ఇటుకలు నీళ్లలో తేలేంత తేలికవని బడిలో చెప్పారట.

"ఇంత వానలో ఒక్కటన్నా తేలుకుంటూ కిందికి రాదా నానమ్మా?"

"వస్తే గుడి ఉంటదారా?"

పైన బరువు పెరగకుండా ఆ ఇటుక, కింద పునాదిలో ఇసుక. నేల కదిలితే ఆ కుదుపును ఇసుక తీసుకుంటుంది. ఇది నేను వివరిస్తుండగానే అమ్మ మెట్లు దిగింది. గుడి అయింది, ఇక చెరువు.

ప్రపంచ వారసత్వపు పేరు గుడికి దక్కింది గాని, కాకతీయుల కాలం వాళ్లు గుడినీ చెరువునూ విడదీసి చూసినట్టు లేదు. పాకాల, లక్నవరం, రామప్ప ఆ కాలపు చెరువులే. ఊరూరా గొలుసుకట్టు, పై చెరువు మత్తడి దుంకితే ఆ నీళ్లు కింది చెరువుకు చేరతాయి. గుడిని ఏ ఎండలోనైనా చూడొచ్చు. మత్తడి మాత్రం వేసవిలో వట్టి రాతిగోడ, దాని పనితనం తెలియాలంటే వానాకాలంలోనే రావాలి. 1323లో రాజ్యం పోయింది, చెరువుల కింద సాగు ఆగలేదు.

అలాగని వాన చూసి మరీ మురిసిపోనక్కర్లేదు. 2023 జులైలో రామప్ప ఉన్న ఈ వెంకటాపూర్ మండలంలోనే, లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 649.8 మిల్లీమీటర్లు కురిసింది. పక్క జిల్లాలో మోరంచపల్లి మునిగి, జనం ఇళ్ల కప్పులెక్కారు. ఆ మాట గుర్తొచ్చే నేను మాటిమాటికీ ఆకాశం చూస్తున్నాను.

రామప్ప చెరువు కట్ట మీద గోనెసంచి కప్పుకున్న రైతు ఒకాయన ఎదురయ్యాడు.

"నాట్లు అయినయా తమ్మీ?"

"సగం అయినయక్కా. కూలోళ్లు దొరుకుతలేరు."

అక్కడి నుంచి మాట కూలి రేట్ల మీదికీ, యూరియా మీదికీ, యాసంగికి నీళ్లు సరిపోతాయా అన్నదాని మీదికీ పోయింది. పొద్దు పోతోంది, వరంగల్ కోట తోరణాలు ఇంకా చూడాలని నేను గుర్తు చేశాను.

"తోరణాలు ఏడికి పోతయిరా?" అంది అమ్మ, మత్తడి మీద నీళ్లు ఎంతెత్తున పోతున్నాయో చూపిస్తానన్న ఆయన వెంట నడుస్తూ. పిల్లలు అప్పటికే మక్కకంకులు కాల్చే బండిని కనిపెట్టారు.