నైలు ఎగువన విశ్రాంతి

దక్షిణ సూడాన్‌లో జోంగ్లే రాష్ట్రానికి రాజధాని బోర్. నైలు తూర్పు గట్టున ఉంటుంది. 2020 వరద ఊళ్లో చాలా భాగాన్ని ముంచేశాక ఊరికీ ఏటికీ మధ్య మట్టికట్టే దిక్కయింది. కట్టకు ఇవతల నిలిచిన నీటిని తోడిపోసే డీజిల్ పంపులు, ఇళ్లు మునిగినవాళ్ల గుడిసెల మధ్య బోరింగులు, మరుగుదొడ్లు, తాగునీటిలో క్లోరిన్ పరీక్షలు: నా ఉద్యోగమంతా వీటి చుట్టూనే. బోరింగు మన పల్లెల్లో ఉండే ఇండియా మార్క్-2 రకమే. నేల కూడా కొత్తదేం కాదు, నల్లరేగడి. ఒక్క వాన పడిందంటే జీపు చక్రాలకు పట్టిన బంక వదలదు.

వానలు ముదిరిన వేళ నా ఆర్ అండ్ ఆర్ తేదీ వచ్చింది. కష్టమైన చోట్ల పనిచేసే అంతర్జాతీయ సిబ్బందికి ఐక్యరాజ్యసమితి సంస్థలూ, చాలా స్వచ్ఛంద సంస్థలూ ఇచ్చే విరామం అది. ఆ చోటు ఎంత కఠినమైనదో చూసి 4, 6, 8 లేదా 12 వారాలకోసారి ఇస్తారు. సాధారణంగా వరుసగా 5 పని దినాలు, ప్రయాణ సమయం అదనం. కూడబెట్టుకొనే సెలవు కాదు. మనిషి విరిగిపోకముందే బయటికి పంపాలన్నది దాని ఉద్దేశం.

పోవాల్సిన సమయం వచ్చిందని నాకు కొన్నాళ్లుగా తెలుస్తూనే ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆమోదించిన రోగాల వర్గీకరణలో పని అలసటకు మూడు గుర్తులు చెప్పింది: ఒంట్లో శక్తి ఇంకిపోవడం, పనిమీద విముఖత పెరగడం, చేసే పనిలో పస తగ్గడం. ఇది జబ్బు కాదు, ఉద్యోగం తెచ్చిపెట్టే స్థితి అని కూడా అంది. నాలో రెండో గుర్తు ముందు కనిపించింది. ఒకామె తన ఇల్లు మునిగిన రాత్రి గురించి చెబుతూ ఉంటే, నేను లోపల లెక్క వేస్తున్నాను: చేతిపంపుకు 500 మంది, మనిషికి రోజుకు 15 లీటర్లు. అవి మా రంగంలో అందరూ పాటించే కనీస ప్రమాణాలే. కానీ ఆమె చెప్పడం పూర్తయ్యేసరికి నా దగ్గర భాగహారం మిగిలింది గానీ ఆమె మాట ఒక్కటీ మిగల్లేదు.

విమానం దగ్గరికి నన్ను దించడానికి మా పంపుల టెక్నీషియన్ వచ్చాడు. ఈ ఊరివాడే, డింకా తెగ మనిషి. సంచీ 20 కిలోలు దాటకూడదని తెలిసి కూడా ఎండుచేపల పొట్లం ఒకటి అందులో కుక్కాడు. తర్వాత చొక్కా జేబులోంచి ఒక కవరు తీశాడు. పిల్లల బడి ఫీజు.

"కంపాలా మీదుగానే కదా వెళ్తారు. మా ఆవిడ చేతిలో పెట్టండి" అన్నాడు.

ఆర్ అండ్ ఆర్ నాలాంటి పరదేశీ సిబ్బందికే. స్థానిక ఉద్యోగి సొంత దేశంలోనే ఉన్నాడు కదా అన్నది నిబంధన వెనక లెక్క. కానీ ఆ దేశంలో ఇతని ఇల్లు నీళ్లలో ఉంది. భార్యాపిల్లలు ఉగాండాలో ఉన్నారు. అక్కడ తలదాచుకున్న దక్షిణ సూడానీయులు లక్షల్లో ఉంటారు. ఏడాదికోసారి వచ్చే సెలవులోనే ఇతను ఇంటివాళ్లను చూసేది. నేను సేద తీరడానికి వెళ్తున్న దేశంలోనే అతని పిల్లలున్నారు. అతను మాత్రం జీపు వెనక్కి తిప్పుకొని కట్ట మీదికి వెళ్లాడు.

చిన్న విమానం గాల్లోకి లేచాక నది పాయలు పాయలుగా విడిపోయి కనిపిస్తుంది. బోర్‌కు ఉత్తరాన సద్ చిత్తడి మొదలవుతుంది. నైలు అక్కడ పాపిరస్ గడ్డిలో పరుచుకొని, తెచ్చిన నీటిలో సగం దాకా ఎండకు అర్పించి, మిగిలింది మోసుకుపోతుంది. ఆ చిత్తడిని తప్పించి నీటిని తిన్నగా ఈజిప్టు వైపు మళ్లించాలని 1978లో జోంగ్లే కాలువ తవ్వకం మొదలుపెట్టారు. అంతర్యుద్ధంలో అది ఆగిపోయింది. ఈ నదిని తన దారికి తెచ్చుకోవాలనుకున్నవాళ్లు నాకంటే ముందు చాలామందే ఉన్నారు.

జూబాలో ఒక రాత్రి ఆగాలి. సాయంత్రం వేపచెట్టు కింద టీ కొట్టు. ఒకామె బొగ్గుల కుంపటి మీద అల్లం దంచి వేసి, చక్కెర దండిగా పోసి ఇచ్చింది. అమ్మకు ఫోన్ చేశాను.

"సెలవు దొరికితే ఇంటికి రావాలి గానీ ఇంకో పరాయి దేశానికి పోతావట్రా?"

"రావడానికీ పోవడానికే రోజులు సరిపోతాయమ్మా."

"సరే, పడుకో అయితే. గొంతు వింటుంటే నిద్ర లేనట్టుంది" అంది. అంత దూరం నుంచి ఆమె చేసిన వైద్యపరీక్ష సరిగ్గానే ఉంది.

జూబా నుంచి ఎంటెబ్బేకు గంట ప్రయాణం. గంటలో దేశం మారినంత సులువుగా ఒళ్లు మారదు. మొదటి రాత్రి జనరేటరు మోత లేకపోవడంతో నిద్ర పట్టలేదు. రోజూ రాత్రి రేడియోలో పేరు పిలిచి, అందరూ క్షేమమా అని అడిగే వేళకు చెయ్యి దానంతటదే దిండు పక్కన వెతికింది. ఆ తర్వాత పట్టిన నిద్రకు మాత్రం హద్దు లేదు. చూడాల్సినవాటి జాబితాతో వచ్చే కొత్తవాళ్లకు పాతకాపులు చెప్పే మాట ఒకటుంది: ముందు నిద్ర, తర్వాత నడక, ఊళ్లు ఆపైన.

నడక అన్నది చిన్న మాట కాదు. బోర్‌లో చీకటి పడితే మేం ప్రాంగణం దాటకూడదు. పగలైనా బండిలోనే తిరగాలి. ఎంటెబ్బేలో సాయంత్రం పూట జనంతో పాటు రోడ్డు పక్కన ఊరికే నడిచాను. 1898లో వేసిన వృక్షోద్యానం విక్టోరియా సరస్సు ఒడ్డునే ఉంది. కొమ్మల మీద నలుపూ తెలుపూ కలోబస్ కోతులు. ఒడ్డున వేయించిన తిలాపియా చేప, తలతో సహా. ఎక్కడికీ చేరాల్సిన పని లేని నడక కాళ్లకు మెల్లగా జ్ఞాపకం వచ్చింది.

కంపాలాలో కవరు ఇవ్వాల్సిన ఇల్లు ఒక కొండవాలు పేటలో ఉంది. బోడా-బోడా మోటారు సైకిలు వాడు సందులన్నీ తిప్పి దించాడు. ఎండుచేపల పొట్లం విప్పగానే ఇల్లాలు నవ్వింది. పిల్లలు నా ఫోన్‌లో వాళ్ల నాన్న పంపు బాగుచేస్తున్న వీడియో మళ్లీ మళ్లీ పెట్టించుకున్నారు.

"రాత్రి ఫోన్ చేస్తే నీళ్లెంత పెరిగాయో చెబుతాడన్నా. పడుకో అంటే కట్ట పడుకోదు కదా అంటాడు" అందామె టీ అందిస్తూ.

కంపాలా నుంచి జింజాకు సుమారు 80 కిలోమీటర్లు. మారబూ కొంగలు కాపలా కాసే కంపాలా ట్రాఫిక్ దాటితే లుగాజి చెరకు తోటలు, ఆపైన మబిరా అడవి. దారిలో గుడ్డట్టు పరిచి చుట్టిన చపాతీ తిన్నాను. దాన్ని ఇక్కడ రోలెక్స్ అంటారు. చపాతీ ఈ గడ్డకు భారతీయులతో వచ్చింది. 1972లో ఉగాండా నియంత ఇదీ అమీన్ వాళ్లను 90 రోజుల గడువిచ్చి వెళ్లగొట్టాడు. చపాతీ ఉండిపోయింది.

జింజాలో నైలు విక్టోరియా సరస్సును వదిలి బయల్దేరుతుంది. 1862లో బ్రిటిష్ అన్వేషకుడు జాన్ స్పీక్ ఈ చోటు చూసి, ఇక్కడి జలపాతానికి రిపన్ పేరు పెట్టాడు. 1954లో ఓవెన్ ఫాల్స్ ఆనకట్ట పూర్తయ్యాక ఆ జలపాతం నీటి కిందికి పోయింది. ఒడ్డు మీద తోటలో గాంధీజీ ప్రతిమ ఉంది. 1948లో ఆయన అస్థికల్లో కొంత భాగాన్ని ఇక్కడ కలిపారు. 1997లో ప్రధాని ఐ.కె.గుజ్రాల్ ఆ ప్రతిమను ఆవిష్కరించారు. అంత తీరికలేని జీవితంలోనూ గాంధీజీ సోమవారాలు మౌనానికి కేటాయించుకున్నారు. ఉద్యమం ఒక రోజు తన మాట లేకుండా నడుస్తుందన్న నమ్మకం ఉంటేనే అది కుదిరేది. మా రంగంలో చాలామందికి ఆ నమ్మకమే ఉండదు. నేను లేకపోతే కట్ట తెగుతుందనుకుంటాం.

పడవవాడు నన్ను ఏటి మధ్యకు తీసుకెళ్లి, నీళ్లు బుడగలెత్తే చోటు చూపించాడు. జింజా కొలబద్ద మీద సరస్సు మట్టం 1964లో 13.41 మీటర్లకు చేరింది. 2020 మే నెలలో 13.42తో ఆ రికార్డు పోయింది. బోర్ మునిగిందీ ఆ ఏడే. ఇక్కడి నీరు క్యోగా, ఆల్బర్ట్ సరస్సులు దాటి, నిములే దగ్గర సరిహద్దు దాటి, జూబా మీదుగా మా కట్ట దగ్గరికొస్తుంది. ఈ అంకెలు నాకు ముందే తెలుసు. కానీ బోర్‌లో ఉన్నన్నాళ్లూ నేను అడిగిన ప్రశ్న ఒక్కటే, ఈ రాత్రి ఎంత పెరిగింది అని. ఒత్తిడి మనిషి చూపును ఈ రాత్రి దాకా కుదించేస్తుంది. పడవలో కూర్చున్నాక వచ్చే ఏడాది కనబడింది. సరస్సు మట్టం చూసి కొన్ని నెలల ముందే కట్ట పని మొదలెట్టవచ్చు. నేల పొడిగా ఉన్నప్పుడే మట్టి పోయవచ్చు. పుస్తకంలో ఒక్క వాక్యం రాసుకొని మూసేశాను. ల్యాప్‌టాప్ తెరవలేదు. మధ్యాహ్నమంతా ఒడ్డున పడుకున్నాను.

తిరుగు ప్రయాణంలో తేలిక పడిన ఒంటితో పాటు ఒక బరువూ వచ్చింది. విశ్రాంతి తీసుకున్నందుకు నేనేమీ సిగ్గుపడలేదు. అలసినవాడు వరద పనిలో అందరికీ ప్రమాదమే. కానీ మన కాలువల కింద వంతు నీటి పద్ధతి ఉంది: ఎగువ రైతు తన మడి తడిపాక తూము వదలాలి, లేకపోతే చివరి భూమి ఎండుతుంది. మా శిబిరంలో తూము దగ్గర ఉన్నది నేను. చివరి భూమిలో ఉన్నవాళ్లే అసలు వరదలో ఉన్నవాళ్లు.

నిబంధనలు మార్చడం నా చేతిలో లేదు. పని పట్టిక నా చేతిలో ఉంది. స్థానిక సిబ్బందికి నెలనెలా దక్కే వారాంతాలు వరదకాలంలో ఎలాగూ కరిగిపోతున్నాయి. వాటిని కలిపి వరుసగా ఇద్దామని, ఆ రోజుల్లో వాళ్ల పంపులూ రాత్రి కాపలా కూడా పరదేశీ సిబ్బందే చూడాలని బృందంలో ప్రతిపాదించాను. ఒకరిద్దరు గొణిగారు. ఆర్ అండ్ ఆర్ నుంచి అప్పుడే వచ్చినవాణ్ణి కాబట్టి మొదటి కాపలా నాకే పడింది. సెలవుకు ముందు మా పంపుల టెక్నీషియన్ పేరే రాశాం.

అతను జూబాలో కంపాలా బస్సు ఎక్కాడు. నిములే సరిహద్దు దాటకముందే ఫోన్ చేశాడు.

"రెండో పంపులో డీజిల్ చూశారా?"

"చూశాను. ఫోన్ కట్టేసి పడుకోండి."

"ఫిల్టరు కూడా ఒకసారి చూడండి మరి" అని అప్పుడు కట్టేశాడు. ఫిల్టరు నిజంగానే మూసుకుపోయి ఉంది. మార్చాను.