జవాబు వచ్చిన నెల

మొన్న వేసవిలో చిలకలూరిపేటలో ఒక పెన్‌డ్రైవు కొన్నాను. 2,500 రూపాయలు. చిటికెన వేలంత లేని ఆ ప్లాస్టిక్ ముక్కలో 1976 నుంచి 1988 దాకా వచ్చిన వ్యవసాయ మాసపత్రికలు 131 ఉన్నాయి. అమ్మిన కుర్రాడి తాతగారికి ఒకప్పుడు పురుగుమందుల కొట్టు ఉండేది. వచ్చిన ప్రతి సంచికా దాచి, ఏడాది తిరగ్గానే అట్ట వేయించి బైండు చేయించేవాడట ఆయన. పాత ఇల్లు పడగొట్టేటప్పుడు మనవడు ఆ బైండ్లన్నిటికీ ఫోనుతో ఫొటోలు తీసుకుని, కాగితాన్ని పాత పేపర్లవాడికి కిలోల లెక్కన వేసేశాడు. "చెదలంకుల్, ఎవరికి కావాలి?" అన్నాడు. నాకు కావాలి. కాకపోతే ఆర్నెల్లు ఆలస్యంగా వెళ్ళాను.

నిజానికి ఆ 131 సంచికల్లో నేను వెతుక్కున్నది ఒక్క పేజీ.

మాది పర్చూరు దగ్గర నల్లరేగడి ఊరు. అంగుళం కదలకుండా మూడు జిల్లాలు తిరిగిన ఊరు. నేను పుట్టకముందు గుంటూరు జిల్లా. 1970లో ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా చేస్తే అందులో పడింది. 1972లో ఆ జిల్లాకి ప్రకాశం పంతులుగారి పేరు పెట్టారు. 2022లో బాపట్ల జిల్లా అయింది. ఇంటికొచ్చే పత్రిక మీద అతికించిన చిరునామా చీటీలో మాత్రం చాలా ఏళ్ళపాటు గుంటూరు జిల్లా అనే ఉండేది. నాన్న మార్పించలేదు. మారిస్తే పత్రిక ఎక్కడ ఆగిపోతుందోనని భయం.

'అన్నదాత' 1969లో మొదలైంది. వ్యవసాయ శాఖవాళ్ళ 'పాడిపంటలు' కూడా వీడీవో (గ్రామాభివృద్ధి అధికారి) గారి సంచీలోంచి అప్పుడప్పుడు ఊళ్ళో దిగేది. నాన్నకి మాత్రం రైతు కోసం అచ్చయిన ప్రతి కాగితమూ అన్నదాతే, వనస్పతి అంతా డాల్డా అయినట్టు. అందుకే ఏ ముక్క ఏ పత్రికలో చదివానో ఈనాడు నన్నడిగితే చెప్పలేను. కుర్రాడి తాతగారూ అంతే, రెండు మూడు పత్రికల్ని నెలల వారీగా కలిపి ఒకే అట్టలో కుట్టించేశాడు.

నాన్న ఐదో తరగతి దాకా చదివాడు. అక్షరాలు వచ్చు గానీ కూడబలుక్కుంటూ చదవటం నలుగురిలో నామోషీ. అందుకని ఆ పని నాది. మిరప కల్లాంలో కాపలా పడుకునే రోజుల్లో ఎక్కువగా సాగేది. పగలంతా ఎండిన కాయని సాయంత్రానికి పోగుచేసి మంచు పడకుండా పట్టా కప్పేవాళ్ళం. పక్కనే మంచం. మంచం కోడుకి లాంతరు. పోగు చల్లారేకొద్దీ ఘాటు తగ్గాలి కదా, తగ్గేది కాదు, రాత్రి గాలికి ఇంకా పైకి లేచేది. ముక్కు తుడుచుకుంటూ చదివేవాణ్ణి. పక్క కల్లాల నుంచి ఇద్దరు ముగ్గురు వచ్చి చుట్ట వెలిగించుకుని కూర్చునేవాళ్ళు.

వాళ్ళకి వ్యాసాలు అక్కర్లేదు. "ముందు ప్రశ్నలు చదవరా" అనేవాళ్ళు. ఎవరో ఊరూ పేరూ తెలియని రైతు తన చేలో వచ్చిన చీడ గురించి కార్డు రాస్తే నిపుణులు ఇచ్చే జవాబులు అవి. పరాయి చేను జబ్బులో అంత రుచి ఉంటుందని నాకు అప్పుడే తెలిసింది. మిరపాకు అంచులు పైకి ముడుచుకుంటే తామరపురుగు, కిందికి ముడుచుకుంటే నల్లి. పై ముడతకి ఒక మందు, కింది ముడతకి వేరే మందు. ఈ సంగతి తెలియక రెంటికీ ఒకటే కొట్టి డబ్బు తగలేసుకున్న వాళ్ళు మా కల్లాం చుట్టూ కూర్చున్న వాళ్ళలోనే ఉన్నారు. ఓ రాత్రి ఒకాయన లేచి, టార్చి పట్టుకుని చేలోకి వెళ్ళి ఒక కొమ్మ విరుచుకొచ్చాడు. అందరం లాంతరు కింద పెట్టి చూశాం. ఆకు పైకీ ఉంది, కిందికీ ఉంది.

అసలు గొడవ కొలతల దగ్గర వచ్చేది. మోనోక్రోటోఫాస్ లీటరు నీటికి 1.6 మి.లీ. అని ఉండేది. "ఒకటిన్నరా? ఒకటిన్నర మీద పిసరా? పిసరు దేంతో కొలుస్తార్రా?" అని అడిగేవాడు మా బాబాయి. నాన్న నా దగ్గుమందు సీసా మూత సంపాదించాడు. పది లీటర్ల చేతి పంపుకి 16 మి.లీ. అంటే మూడు మూతలు, పైన కొంచెం. ఆ 'కొంచెం' ఊళ్ళో ఒక్కొక్కడి చేతిలో ఒక్కో కొలత. ఇంకోటి హెక్టారు. శాస్త్రవేత్తలు హెక్టార్లలో రాస్తారు, మనకి ఎకరాలు. హెక్టారంటే 2.47 ఎకరాలు. నేను ఎరువు లెక్క చదివి ఊపిరి తీసుకునేలోపు నాన్న వేలెత్తి "ఎకరానికా, హెక్టారుకా?" అనేవాడు. హెక్టారుకి అంటే రెండున్నరతో భాగించమనేవాడు. నాకు భాగహారం బడిలో వచ్చింది కాదు, యూరియాతో వచ్చింది.

గుంటూరు పక్కన లాం ఫారం వాళ్ళు విడుదల చేసిన రకాల పేర్లు ఆ రోజుల్లో మాకు సినిమా తారల పేర్లంత పరిచయం. మిరపలో జి-4కి భాగ్యలక్ష్మి అని పేరు, జి-5కి ఆంధ్రజ్యోతి. పత్తిలో హెచ్-4 గుజరాత్ నుంచి వచ్చింది. 1970లో సూరత్ పరిశోధన కేంద్రంలో సి.టి.పటేల్ అనే ఆయన తయారుచేసిన విత్తనం, ప్రపంచంలో వాణిజ్యానికి పనికొచ్చిన మొట్టమొదటి సంకర పత్తి. రెండేళ్ళకి కర్ణాటక నుంచి వరలక్ష్మి దిగింది. మా ఊళ్ళో ఆ సంవత్సరాల్లో పుట్టిన ఆడపిల్లల్లో నలుగురు వరలక్ష్ములు. పత్తి పేరు కాదనుకోండి, అమ్మవారి పేరే. అయినా పిలిచినప్పుడల్లా ఎవరో ఒకరు క్వింటా ధర అడిగేవాళ్ళు.

ఇంత చదివిన ఆ పత్రికలు మా ఇంట్లో ఒక్కటీ మిగల్లేదు. మిగిలేలా వాడితే కదా. పురుగుల రంగుబొమ్మలున్న నడిమి పేజీ కొట్టం తలుపుకి మేకు కొట్టి ఉండేది. దోస గింజలు, గోంగూర విత్తనం అట్టల్లో పొట్లం కట్టి చూర్లో దోపేవాళ్ళు. ఆయిలింజను బొమ్మలున్న ప్రకటనలు నా లెక్కల పుస్తకానికి అట్టలయ్యాయి. కథల పత్రికలని ఎవరో ఒకరు దాస్తారు. గుంటూరు జిల్లా తెనాలి నుంచి వెళ్ళిన చక్రపాణిగారు నాగిరెడ్డిగారితో కలిసి 1947 జులైలో మొదలుపెట్టిన చందమామకి ఎంతమంది కాపలాదారులున్నారో లెక్కలేదు. దాని పాత సంచికలు కొన్నాళ్ళు సంస్థ వెబ్‌సైటులో చదువుకోవడానికి ఉండేవి. ఆ సైటు పోయాక కూడా జనం దించుకుని దాచుకున్నవి చేతులు మారుతూనే ఉన్నాయి. సాహిత్య పత్రిక 'భారతి'నీ, పాత ఆంధ్రపత్రికనీ ప్రెస్ అకాడమీ స్కాన్ చేయించింది. యూరియా గురించి రాసిన కాగితాన్ని ఎవరు దాస్తారు, పురుగుమందుల కొట్టు తాతగారు తప్ప?

అమెరికాలో ఉండే మా పెద్దమ్మగారబ్బాయి 1998లోనో 99లోనో వచ్చినప్పుడు ఒక సీడీల పెట్టె తెచ్చాడు. నేషనల్ జియోగ్రాఫిక్ పత్రిక 108 సంవత్సరాల సంచికలు మొత్తం అందులో ఉన్నాయన్నాడు. నాకు కళ్ళు తిరిగాయి. దాని వెనక కోర్టు గొడవ కూడా ఉందని తర్వాత చదివాను. తన ఫొటోలని మళ్ళీ డబ్బివ్వకుండా సీడీలకెక్కించారని ఒక ఫొటోగ్రాఫర్ 1997లో వేసిన దావా 2008 దాకా నడిచి, చివరికి పత్రిక పక్షానే తేలింది. పాత సంచిక ఎవరిది అన్న ప్రశ్న పైకి కనిపించినంత తేలిక కాదు. చిలకలూరిపేట కుర్రాడికి నేనిచ్చిన 2,500 పత్రికల వెల కాదు, ఫొటోలు తీసిన కూలి అని నాకు నేను చెప్పుకున్నాను. పూర్తిగా నమ్మలేదు. ఆ సీడీల పెట్టె ఇప్పటికీ మా వాడింట్లో ఉంది. దాన్ని ఆడించే కంప్యూటరే ఊళ్ళో లేదు.

పెన్‌డ్రైవులో మొదటి పది సంచికలు వరసగా చూశాను. ఫొటోలు వంకరటింకర. పేజీ అంచున ప్రతిచోటా ఆ కుర్రాడి బొటనవేలు, గోటి కింద పసుపు, ఉప్మానో పులిహోరో తింటూ తీసినట్టున్నాడు. బైండు గట్టిగా కుట్టడంతో ప్రతి పంక్తిలోనూ చివరి అక్షరాలు కుట్టులోకి దిగిపోయాయి. 1980 దాటేసరికి నా చెయ్యి నెమ్మదించింది. చిన్నప్పుడు నెలకొకటి వచ్చేది, వచ్చే నెల ఏం రాస్తారో రాసేవాళ్ళకీ తెలియదు, వినేవాళ్ళకీ తెలియదు. ఇప్పుడు నాకు తెలుసు. 82, 83 ప్రకటనల్లో పంచె ఎగ్గట్టి నవ్వుతున్న రైతు బొమ్మ చూస్తుంటే, ఒరే నాయనా నవ్వకు, ఇంకా రెండేళ్ళే, అనాలనిపించింది.

ఎనభైల మొదట్లో సింథటిక్ పైరిథ్రాయిడ్లని కొత్త మందులు దిగాయి. పొద్దున కొడితే సాయంత్రానికి శనగపచ్చ పురుగు కొమ్మకి తలకిందులుగా వేలాడేది. ఊరు ఊరంతా మురిసిపోయింది. పురుగుతో పాటు అక్షింతల పురుగులూ, సాలీళ్ళూ, దోమని తిని బతికే మిగతా జీవాలూ పోయాయని ఎవరూ చూడలేదు. 1984లో దసరా దాటాక సాయంత్రంపూట పత్తి చేలో నడిస్తే కాళ్ళ దగ్గర తెల్లటి దుమ్ము లేచేది. దుమ్ము కాదు, తెల్లదోమ. ఆకు అడుగున రసం పీల్చి కింది ఆకుల మీద జిగురు కార్చేది. ఆ జిగురు మీద నాలుగు రోజులకి మసి పట్టేది. నా నిక్కరు బంకబంకగా అయి ఉతికినా వదిలేది కాదు. పగిలిన పత్తి కూడా బూడిదలో దొర్లినట్టుండేది. కొట్టినకొద్దీ దోమ పెరిగింది. పెరిగినకొద్దీ కొట్టాం. కొట్టువాడు అప్పిచ్చినంత కాలం కొట్టాం.

అప్పుడు రాశాం కార్డు. 15 పైసల పోస్టుకార్డు, నా దస్తూరి. నేను ఏడో తరగతి. నాన్న చెప్పింది చెప్పినట్టు రాశాను: తెల్లదోమకి ఎనిమిదిసార్లు మందు కొట్టాం, పోలేదు, గూడ రాలిపోతోంది, ఏం చెయ్యమంటారు? ఆఖర్న నాన్న ఒక్క క్షణం ఆగి, "సత్వరమే అని రాయి" అన్నాడు. ఆ మాట ఆయన నోట ముందూ వినలేదు, తర్వాతా వినలేదు.

ఆ డిసెంబరు 3న రేడియోలో భోపాల్ ఫ్యాక్టరీ గ్యాసు వార్త. ఆ ఫ్యాక్టరీలో చేసేది సెవిన్ అని కొన్నాళ్ళకి వీడీవో గారు చెప్పాడు. మిరపకి కొట్టడానికి మా కొట్టంలో ఉంచింది అదే పొడి. నాన్న ఆ పొట్లాన్ని ఇంటి వైపు నుంచి తీసి గడ్డివాము అవతల పెట్టాడు. పారెయ్యలేదు. డబ్బు పెట్టి కొన్నది.

సంక్రాంతికి జవాబు రాలేదు. ఎకరానికి ఎనిమిది క్వింటాళ్ళు అనుకున్న చోట రెండున్నర ఏరాం. ఫిబ్రవరిలో పత్తి కట్టె పీకేసి పొయ్యిలోకి పోగేశాం. మార్చిలో నా పరీక్షలు, మిరప కల్లాం, టిక్కీలు కట్టడం, గుంటూరు యార్డు. ఆ ఏడాది అప్పు తీరక చందా కట్టలేదు. పత్రిక ఆగిపోయింది. మూడేళ్ళ తర్వాత, 1987-88లో, మా చుట్టుపక్కల పత్తి రైతులు పురుగుమందు తాగిన వార్తలు పేపర్లో వచ్చేసరికి మేం పత్తి మానేసి శనగలోకి దిగాం. కార్డు సంగతి నాన్న ఎత్తలేదు. నేనే మర్చిపోలేదు.

1985 మార్చి సంచికలో, 41వ పేజీలో దొరికింది. ప్రశ్న మాదే, ఇంచుమించు మా మాటలే. కింద నాన్న పేరు లేదు, మా ఊరు లేదు. 'పలువురు రైతులు, గుంటూరు, ప్రకాశం జిల్లాలు' అని ఉంది. ఎన్ని కార్డులు వెళ్ళి ఉంటాయో, ఎంతమంది ఏడో తరగతి పిల్లలు రాసి ఉంటారో. 'సత్వరమే' మాత్రం తీసేశారు.

నాన్నకి ఇప్పుడు 84. నాతోనే నరసరావుపేటలో ఉంటున్నాడు. కుడి చెవి పోయింది. ల్యాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని ఎడమ పక్కన కూర్చున్నాను.

"ఏంటది?"

"అన్నదాత నాన్నా. 85ది. మన తెల్లదోమ ప్రశ్నకి జవాబు."

"చదువు."

చదివాను. పైరిథ్రాయిడ్లు వెంటనే ఆపాలి. మందు ఆకు అడుగు తడిసేలా కొట్టాలి. వేపనూనె లీటరు నీటికి 5 మి.లీ. ఖాళీ రేకు డబ్బాలకి పసుపు రంగు వేసి, పైన ఆముదం పూసి, చేలో కర్రలకి తగిలిస్తే దోమ వచ్చి అంటుకుంటుంది. ఇలాంటి డబ్బాలు 10 చొప్పున పెట్టాలి.

నాన్న కళ్ళు మూసుకుని విన్నాడు. నిద్రపోయాడేమో అనుకున్నాను. చూపుడు వేలు లేచింది.

"ఎకరానికా, హెక్టారుకా?"

మళ్ళీ చూశాను. ఆ మాట కుట్టులోకి పోయింది. రెండు వేళ్ళతో పెద్దది చేశాను. నల్లటి మడత, దాని పక్కన అక్షరం ముక్క. 'ఎ' అనుకుంటే ఎ, 'హె' అనుకుంటే హె.