అస్తమయం లేని చోట సంధ్య

బుచ్చయ్యపేటలో జన్మించి అమెరికాలో స్థిరపడిన ఒక గృహస్థు, సంధ్యావందనం మాననని తండ్రికి అంత్యకాలంలో మాట ఇచ్చాడు. జూన్ మాసంలో అతడు అలాస్కాలోని డాల్టన్ రహదారిపై ఉత్తరదిశగా ప్రయాణించాడు. చమురు గొట్టపు మార్గం కోసం 1974లో నిర్మించిన ఆ బాట నిడివి 666 కిలోమీటర్లు. కోల్డ్‌ఫుట్ దాటితే 386 కిలోమీటర్ల వరకు ఇంధనం దొరకదు. అటిగన్ కనుమకు ఆవల సూర్యుడు దిగంతాన్ని చుట్టివస్తున్నాడే గాని అస్తమించడం లేదు. మరి అర్ఘ్యం ఎప్పుడు విడవాలి? కంకరబాట ప్రక్కన కారు నిలిపి, చెంబు చేతబట్టి అతడు నిశ్చేష్టుడయ్యాడు. వాస్తవానికి సూర్యునికి ఉదయాస్తమయాలు లేవని ఐతరేయ బ్రాహ్మణం చెప్పిన మాట స్ఫురించింది. సంధ్య సూర్యునిది కాదు, చూచేవానిది. తండ్రి నిలిచిన నేలపై ప్రొద్దు గ్రుంకే వేళను లెక్కించి, ఆ వేళకు అర్ఘ్యం విడిచాడు.