స్కానైతే సరే, గొట్టం వద్దు!

పెద్దపేగు జబ్బులు చూసే ఏ డాక్టరునడిగినా చెబుతారు: మలంలో రక్తం పడితే జనం ముందు మందుల షాపులో మొలల ఆయింట్‌మెంటు కొంటారు, తర్వాత పసరు తాగుతారు, చివరికి ఆస్పత్రికొచ్చి "స్కాన్ రాయండి, గొట్టం మాత్రం వద్దు" అంటారు. గొట్టమంటే కొలనోస్కోపీ.

ఒక రిటైర్డ్ హెడ్మాస్టారు ఇంకో మెట్టు పైకెక్కారు. ఏడాదిగా రక్తం పడుతున్నా పసరుతో నెట్టుకొచ్చి, ఇప్పుడు ఏకంగా పెర్ఫ్యూజన్ సీటీ కావాలన్నారు. సర్జనుకు చిర్రెత్తింది. అయినా మాస్టారు అడిగింది పనికిమాలిన పరీక్షేం కాదు.

క్యాన్సర్ గడ్డ పెరగాలంటే దానికి సొంత రక్తనాళాలు కావాలని 1971లో జూడా ఫోక్‌మన్ ప్రతిపాదించాడు. మునిసిపల్ పైపుకు పెట్టుకున్న దొంగ కనెక్షన్లలా ఆ నాళాలకు తీరూ తెన్నూ ఉండదు, కారుతుంటాయి కూడా. చేతి నరంలోకి అయోడిన్ మందు ఎక్కించి, పేగులో ఒకే చోటును వెంటవెంటనే స్కాన్ తీస్తే అక్కడికి రక్తం ఎంత వస్తోందో, ఎంత త్వరగా దాటిపోతోందో లెక్క తేలుతుంది. అదే పెర్ఫ్యూజన్ సీటీ.

మామూలు సీటీలో మాస్టారి పేగు గోడ మందంగా కనిపించింది. క్యాన్సరైనా, పేగు తిత్తులు వాచే డైవర్టిక్యులైటిస్ అయినా గోడ అలాగే కనిపించొచ్చు. అక్కడ పెర్ఫ్యూజన్ అక్కరకొస్తుంది: క్యాన్సర్‌లో సాధారణంగా రక్తప్రవాహం ఎక్కువ. కానీ వాపులోనూ అది పెరుగుతుంది, అంకెలు ఒకదానిమీదొకటి పడతాయి. పైగా రేడియేషన్ ఎక్కువ, కిడ్నీలు బాగుండాలి.

పెర్ఫ్యూజన్ స్కాన్ తీస్తే అది క్యాన్సర్ వైపే మొగ్గింది. "తెలిసిపోయిందిగా, ఇంకా గొట్టం వేసి బయాప్సీ ఎందుకు?" అన్నారు మాస్టారు.

"అనుమానం మీద పేగు కోయమంటారా, మాస్టారూ?" సర్జను గొంతు పెరిగింది.

అసలు సంగతి మాస్టారి భార్య చెప్పింది. కొలనోస్కోపీ గదిలో టెక్నీషియన్ ఆయన పాత శిష్యుడట. ఆ కుర్రాడి ముందు ఎలా పడుకోవాలన్నదే ఆయన బెంగ.

సర్జను మరి మాట్లాడలేదు. టెక్నీషియన్‌ను మార్పించాడు, మత్తిచ్చి పరీక్ష చేశాడు. బయాప్సీలో క్యాన్సరే. ఆపరేషన్ చేశారు. అప్పటికే లింఫు గ్రంథులకు పాకింది, కీమో తప్పలేదు. పసరుకు పోయిన ఏడాదిని మాత్రం ఏ మందూ తిరిగివ్వలేదు.

మలంలో రక్తం పడినా, విరేచనం తీరు మారినా, కారణం లేకుండా రక్తం తగ్గినా మొలలని ఇంట్లోనే తీర్పు చెప్పుకోకండి. సిగ్గయితే ఆ మాటే డాక్టరుకు చెప్పండి, ఏర్పాటు చేస్తారు. తల్లిదండ్రులకో తోబుట్టువులకో ఈ క్యాన్సర్ వచ్చి ఉంటే, లక్షణాలేవీ లేకపోయినా 40 ఏళ్లకే కొలనోస్కోపీ గురించి అడగండి.